కాలు నొప్పికి కడుపు మందులు

నలుగురిల నోరిప్పి చెప్పలేని చోట నాకు నొప్పి మొదలైంది. కుడికాలు తొడ, పొత్తికడుపు కలిసే మడత ఉంటది చూడండి, సరిగ్గ అక్కడ, లోపలికి. తుంటి వెనుక కాదు, పక్కన కాదు, ముందట. నడుము నొస్తే నడుమని చెప్పచ్చు. మోకాలు నొస్తే చీర జరంత పైకనుకొని చూపియ్యచ్చు. ఇది ఎవరికి చెప్పాలన్నా కుచ్చిళ్ల మీద చెయ్యి పెట్టాలె. ఆడది అక్కడ చెయ్యి పెట్టిందంటే చూసినోళ్లు ఎవరూ కాలు గురించి ఆలోచన చెయ్యరు. ఈ ముక్క నాకు తెలిసేసరికి మంచి వయసంత గడిచిపోయింది.

మాది మెట్‌పల్లి దగ్గర చిన్న ఊరు. సాలెవాళ్లం. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేండ్లకు బాపుకు కండ్లు మసకబారినయి. నేస్తున్నప్పుడు దారం తెగితే ఆయనకు కనబడకపోతుండె. ఇంట్ల మగపిల్లలు లేరు. నేను పెద్దదాన్ని. మా కులంల ఆడవాళ్లు కండెలు చుడతరు, నూలుకు గంజి పెడతరు, మగ్గం మీద మాత్రం మగవాళ్లే కూసుంటరు. బాపు అవన్నీ పక్కన పెట్టి నన్ను కూసోబెట్టిండు. గోడ మీదికెల్లి తొంగి చూసెటోళ్లు కొందరుండె. కొన్నాళ్లు చూసి వాళ్లే మానుకున్నరు.

గుంటమగ్గం అంటే నేలల తవ్విన గుంటల కాళ్లు పెట్టి, అంచు మీద కూసోని, కింద ఉన్న చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుడు. చూసేవాళ్లకు చేతులే కనబడతయి, దారం మోసే నాడె ఇటు అటు ఉరుకుడే కనబడతది. గుంటల కాళ్లు పడే కష్టం కనబడదు. పొద్దున తొక్కుడు మొదలుపెడితే పొద్దుగూకేదాక అదే. నాకు ఆ పని మీద ఇష్టం ఉండె. ఆ సంగతి కూడా చెప్పాలె. బట్ట పెరుగుతుంటే కడుపు నిండినట్టు ఉంటుండె.

ఒకనాడు అవ్వ, నన్ను కన్నతల్లి, బువ్వకు పిలిచింది. లేద్దామని చూస్తే కుడికాలు నాతోని రాలే. ఎవరో లోపల తాడు కట్టి వెనుకకు గుంజినట్టయింది. రెండు చేతులు తొడ కింద పెట్టి కాలును గుంటలకెల్లి పైకి తీసుకున్న. కుంటుకుంట వంటింట్లకు పోయి అవ్వకు చెప్పిన, చెయ్యి పెట్టి చూపిచ్చిన.

అవ్వ నా చెయ్యి పట్టి కిందికి దించింది. "ఈ నెల బయట కూసున్నవా?"

"కూసున్న. ఇది అది కాదవ్వా. కాలు లేస్తలేదు."

"మెల్లగ మాట్లాడు. బాపు ఇంటడు."

వాము, బెల్లం దంచి ఉండ చేసి నోట్ల పెట్టింది. నా కాలుకు అందిన మొదటి కడుపు మందు అదే.

పెండ్లయినంక గోదావరి దాటి ఆదిలాబాదు జిల్లాల ఒక బొగ్గుబాయి కాలనీకి పోయిన. మా ఆయనవాళ్లు కూడా సాలెవాళ్లే, కానీ మగ్గం మీద కడుపు నిండక ఆయన బాయిల దిగిండు. కాలనీల ఎక్కడెక్కడి మనుషులో ఉండె. ఒక ఇంట్ల మరాఠీ, పక్కింట్ల హిందీ, ఆ పక్కన కోస్తా తెలుగు. మాకు రెండర్రల క్వార్టరు. ఆయన, నేను, మా అత్త.

మగ్గం తప్పింది కదా, నొప్పి కూడా తప్పుతదనుకున్న. కొన్నాళ్లు నిజంగనే తగ్గింది. తర్వాత మా ఆయన పాత కాలుమిషన్ ఒకటి తెచ్చిచ్చిండు. నాకు కుట్టుపని పట్టుబడింది. కాలనీ ఆడవాళ్లు జాకెట్లు తెచ్చి ఇస్తుండిరి. పీట మీద కూసోని కుడిపాదంతోని తొక్కుడు, మల్ల పొద్దంత. నొప్పి మల్లొచ్చింది. ఈసారి మెట్లెక్కుతుంటే వచ్చేది, నీళ్లబిందె దించి వంగితే వచ్చేది, పక్కకు తిరిగి పండుకుంటే వచ్చేది. మిషనుకు, నొప్పికి సంబంధం ఉందని నాకు తోచలే. ఎవ్వరికీ తోచలే.

అందరికీ తోచింది ఒకటే. పెండ్లయి ఏండ్లు గడిచినా నాకు పిల్లలు కాలే. కడుపు కింద నొప్పి, కడుపు పండకపోవుడు, రెండు కలిపి మా అత్త ఒక లెక్క తేల్చింది.

మా అత్త చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరమొస్తే రాగి జావ కాచి తాగిపిచ్చేది. కానీ ఒక మాట అనుకున్నదంటే ఆమె మనసు మార్చుడు ఎవరి తరం కాకపోయేది.

"బిడ్డా, నీ గర్భసంచి పక్కకు జరిగింది. గందుకే గా నొప్పి," అన్నది.

"అత్తా, కాలు ఎత్తినప్పుడే వస్తది. ఊకె ఉంటే రాదు."

"సంచి జరిగినంక కాలెట్ల లేస్తది?"

మా అత్త ఒక ముసలామెను పిలిపిచ్చింది. ఆమె పొత్తికడుపు మీద ఆముదం పోసి, పిండి పిసికినట్టు పిసికి, సంచిని జాగల పెట్టిన అన్నది. తెల్లారి నేను బిందె ఎత్తలేకపోయిన. ఇంకో నెలకు పసుపుకొమ్ము కాల్చి సురకలు పెట్టిచ్చిండ్రు. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నయి. సురకలు మానేదాక కాలిన మంటల అసలు నొప్పి తెలియలే. అది చూసి మా అత్త, "తగ్గింది కదా," అన్నది.

కాలనీ దవాఖానకు పోతే డాక్టరు బల్ల అవతల కూసోని అడిగిండు, "కడుపునొప్పా?"

"కాదు సార్, గజ్జల. కాలు ఎత్తితే."

"నెలసరి సరిగ్గా వస్తుందా?"

"వస్తది సార్. కాలు..."

"పిల్లలెందరు?"

లేరన్న. ఆ ఒక్క మాటతోని ఆయనకు అంతా తెలిసిపోయినట్టు తల ఊపి చీటీ రాసిచ్చిండు. కంపౌండరు సీసాల తెల్లమందు పోసిండు. కుర్చీల కూసున్న నన్ను నిలబడుమని కూడా ఆ డాక్టరు అనలే. నడువుమని అనలే. ఇంటికొచ్చి ఆ సీసాను సందూకు వెనుక పెట్టిన. అడిగితే తాగుతున్న అన్న.

తర్వాత గోదావరి అవతల, కరీంనగర్ జిల్లాల ఉన్న ఒక మిషన్ దవాఖానకు తీసుకపోయిండ్రు. అక్కడ డాక్టరమ్మ ఉంది, ఆడదానికి ఆడది తెలుస్తదని నాకు శానా ఆశ ఉండె. ఆమె కోస్తా మనిషి. ఓపికగ చూసింది.

"గర్భసంచి బాగానే ఉందమ్మా. నీలో ఏ లోపమూ లేదు. మీ ఆయన్ని కూడా ఒకసారి తీసుకురా, పరీక్ష చెయ్యాలి," అన్నది.

"మరి నొప్పి, అమ్మా?"

"అదేమీ లేదు. దిగులు పెట్టుకోకు. పిల్లలు పుడితే అదే పోతుంది."

ఆమె అప్పటికే తలుపు దిక్కు చూస్తుండె, ఇంకో మనిషి కోసం. బయట వరండాల మా ఆయన నిలబడ్డడు. డాక్టరమ్మ మాట చెప్పిన. ఆయన ముఖం గంజి పెట్టిన బట్టోలె బిగుసుకున్నది. "నాకేమైంది? బాయిల బరువులు లేపుతున్న," అన్నడు. ఆ పరీక్షకు ఆయన ఇయ్యాల్టి దాక పోలే. ఆ ముచ్చట అక్కడనే పూడుకపోయింది, నా నొప్పి మాత్రం అందరి నోళ్లల్ల నానింది.

అన్నిటికంటె నాకు మండేది ఇంకోటి ఉంది. ఒక వానకాలం నొప్పి ఎక్కువై లేవలేకపోతే, మా ఆయన మేనమామ తనకు తెలిసిన ఒక పట్నం డాక్టరు దగ్గరికి తోలుకపోయిండు. ఆ డాక్టరు కుడిపక్క వేళ్లతోని ఒత్తిండు. నేను అమ్మా అన్న. "ఇరవై నాలుగు గంటల నొప్పి, అపెండిసైటిసు. కొయ్యాలె," అన్నడు.

"సార్, ఇది నాకు పెండ్లికి ముందు సంది ఉంది," అన్న.

ఆయన నవ్వి, మేనమామ దిక్కు తిరిగి, "అయితే ఇంత ఆలస్యం ఎందుకు చేసిండ్రు?" అని అడిగిండు.

కోసిండ్రు. సీసాల వేసి చూపిచ్చిండ్రు, వేలంత పేగుముక్క. "ఇంక ఫికర్ లేదు," అన్నరు. కుట్లు విప్పినంక ఇంటికొచ్చి మంచం దిగిన. కుడికాలు ఎత్తిన. అదే చోట, అదే గుంజుడు. మంచం పట్టె పట్టుకొని అట్లనే నిలబడ్డ. ఏడుపు రాలే. ఇంతమందికి ఇన్నిసార్లు కాలు అని చెప్పినా ఒక్కరి చెవులకు ఎందుకు ఎక్కలేదని ఒకటే రంది. ఇంక ఎవ్వరికీ చెప్పొద్దనుకున్న. అడిగినోళ్లకు తగ్గింది అన్న. కడుపునొప్పి అనే చెప్పుడు కూడా అలవాటయింది.

అట్ల ఉండంగ బాయిల మా ఆయన మోకాలు మీద బొగ్గుపెళ్ల పడ్డది. ఎముక పలిగింది. సిమెంటు కట్టు కట్టిండ్రు. కట్టు విప్పినంక కాలు కొయ్యలెక్క వంగకుంట అయింది. కంపెనీవాళ్లే మాట్లాడి అదే మిషన్ దవాఖానకు పంపిచ్చిండ్రు, అక్కడ కసరత్తు చేపిచ్చే ఆమె కొత్తగ వచ్చిందని. పోలియో వచ్చిన పిల్లలకు నడక నేర్పేతందుకు వచ్చిందట. దెబ్బ తగిలిన బాయి పనోళ్లను కూడా చూస్తుండె. ఆదిలాబాదు దిక్కు మరాఠీ మనిషి, బొంబాయిల చదివొచ్చింది. మరాఠీల ఆడవాళ్లను బాయి అంటరు కదా, అందరు ఆమెను కసరత్తుబాయి అంటుండిరి.

మా ఆయన కాలును ఎంత మంది చూసిండ్రో. ఎక్కడ నొస్తుందని అడిగిండ్రు, వంచమన్నరు, నడువుమన్నరు. చూసి మా ఆయన మీద నాకు కుళ్లు పుట్టలే. కానీ ఆ కాలు పనికి పోవాలె కాబట్టి దానికి అంత మంది ఉన్నరు, నా కాలు ఇంట్ల తిరిగే కాలు కాబట్టి దానికి ఎవ్వరూ లేరు అనే మాట మనసుల తిరుగుతనే ఉండె.

కసరత్తుబాయి అర్ర పొడుగ్గ ఉండె. రెండు దిక్కుల కట్టె కడ్డీలు, నడుమ పిల్లలు పట్టుకొని నడుస్తున్నరు. నేను గోడకానుకొని బల్ల మీద కూసున్న. మా ఆయన పని అయిపోయినంక లేచి, గడప దగ్గర ఉన్న మెట్టు ఎక్కేతందుకు అలవాటు ప్రకారం రెండు చేతులు కుడితొడ కింద పెట్టి కాలు ఎత్తుకున్న.

"ఆయన సంగతి నేను చూస్త. నీ కాలుకేమైంది?" అన్నది కసరత్తుబాయి వెనుక నుంచి.

నాకు ఒక్కసారి అర్థం కాలే. "కడుపునొప్పి, బాయమ్మా," అన్న.

"కడుపునొప్పి ఉన్నోళ్లు కాలును చేతులతోని ఎత్తుకోరు. ఇటు రా."

పరదా వెనుకకు తీసుకపోయింది. బల్ల అంచు మీద కూసోమని, మెల్లగ వెనుకకు పండుకోమన్నది. ఎడమ మోకాలు రెండు చేతులతోని ఛాతీకి పట్టుకోమని, కుడికాలు బల్ల మీదికెల్లి కిందికి వదిలెయ్యమన్నది. వదిలిన. నా తొడ కిందికి పోలే. గాలిల అట్లనే నిలబడ్డది. ఆమె కొంచెం ఒత్తితే గజ్జల మంట లేచింది. తర్వాత మోకాలు పైకి ఎత్తమని, ఆమె అరచేయి అడ్డం పెట్టింది. ఎత్తలేకపోయిన. నొప్పి సరిగ్గ అక్కడనే తగిలింది. ఇన్నేండ్లల్ల నొప్పిని నా నోటితోని కాకుంట ఇంకొకరు చేత్తోని పట్టుడు అదే మొదలు.

కోసిన మచ్చ చూసి, "ఇదేంది?" అన్నది. చెప్పిన. సురకల మచ్చలు కూడా చూసింది. దుప్పటి కప్పి, కూసోమన్నది. ఎక్స్‌రే ఫోటో తీపిచ్చింది, ఎముకల ఏమీ కనబడలే. అప్పుడు నా నడుము మీద వేలు పెట్టి చెప్పింది.

"ఇక్కడ వెన్నెముక దగ్గర పుట్టే కండ ఒకటుంది. కడుపు లోపల వెనుక గోడ వెంబడి దిగి, నీ గజ్జ మడతలకెల్లి వచ్చి తొడ ఎముకకు అంటుకుంటది. కాలు పైకి లేపేది అదే. గందుకే నీకు కడుపుల నొచ్చినట్టు కూడా ఉంటది. మనిషి కూసుంటే అది ముడుచుకుంటది. నువ్వు చిన్నప్పటి సంది ఏం పని చేసినవు?"

మగ్గం, మిషను అన్న. ఆమె తల ఊపింది. కాలనీ డాక్టరు కూడా తల ఊపిండు, కానీ ఈమె ఊపింది వేరు.

అప్పుడు నాకు సంతోషం కావాలె. కాలే. కోపమొచ్చింది. ఇంత చిన్న పరీక్ష, ఒక బల్ల, ఒక మనిషి చెయ్యి. దీనికోసమా నన్ను కాల్చింది, కోసింది అనిపిచ్చింది. ఆమె మీద కూడా కోపమొచ్చింది, ఇంత ఆలస్యంగ వచ్చినందుకు. ఆమెదేం తప్పుంది.

చెప్పిన కసరత్తు సులువే. బల్ల అంచు మీద పండుకొని కాలు కిందికి వేలాడదీసి ఉంచుడు. ఒక మోకాలు నేల మీద పెట్టి, ఇంకో కాలు ముందట పెట్టి, తుంటిని ముందలికి నూకి గజ్జను సాగదీసుడు. ఇంటికొచ్చి మొదలుపెట్టిన. నులకమంచం నడుమ కుంగుతది, దాని మీద సాగదు. వంటింటి బల్ల మీద పండుకుంటే మా అత్త వచ్చింది.

"పొద్దుగాల పొద్దుగాల గిదేం పండుడు?"

"కసరత్తు, అత్తా. గజ్జ సాగాలె."

"సాగదీస్తే సంచి ఇంకింత జారదా?"

చెప్పినట్టు రోజూ చేసిన. వారం గడిచేసరికి నొప్పి ఎక్కువైంది. పండుకున్నా నొచ్చుడు మొదలైంది. మా అత్త నన్ను చూసేది, ఏమీ అనకపోయేది. ఆమె ఏమన్నా అంటేనే నయముండె. మల్ల మా ఆయనతోని దవాఖానకు పోయినప్పుడు కసరత్తుబాయి ముందట నిలబడి అడిగేసిన.

"మీరు చెప్పినట్టే చేసిన. ముందు నడిచేదాన్ని, ఇప్పుడు కుంటుతున్న."

"ఎంత దాక సాగదీసినవు?"

"నొప్పి వచ్చేదాక."

"నేను నొప్పి వచ్చేదాక అనలే."

"ఎంత దాక అనేది మీరు చెప్పలే, బాయమ్మా. అందరు చెప్పుడే గాని నాకేమైతుందో వినెటోళ్లు లేరు."

నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది. కడ్డీలు పట్టుకొని నడిచే పిల్లలు ఆగి చూసిండ్రు. ఆమెకు కోపమొస్తదనుకున్న. ఆమె స్టూలు గుంజుకొని నా ఎదురుంగ కూసున్నది.

"నిజమే. నేను సరిగ్గ చెప్పలే," అన్నది. "బిగుసుకున్నది కదా, సాగితే చాలనుకున్న. నువ్వు కాలు ఎత్తలేకపోయిన సంగతి కూడా నేను చూసిన, దాన్ని పట్టిచ్చుకోలే. ఆ కండ బిగుసుడే కాదు, బలం తప్పింది. బలం లేనిదాన్ని గుంజితే అది ఇంకా బిగుస్తది. సాగదీసుడు ఆపు. పొద్దున లేచినప్పటి సంది నువ్వేం చేస్తవో నాకు చెప్పకు, చేసి చూపియ్యి."

ఆ అర్రల ఊడ్చినట్టు చేసిన, పొయ్యి ముందట కూసున్నట్టు చేసిన, బిందె ఎత్తినట్టు చేసిన. మిషను తొక్కినట్టు చేస్తుంటే ఆగమన్నది. నా పీట ఎత్తు చేత్తోని చూపియ్యమన్నది. మోకాళ్లు తుంటి కంటె పైకి లేచి ఉంటయి అట్ల కూసుంటే. ముందలికి వంగి, కుడికాలొక్కదానితోనే తొక్కుడు.

"రెండు కాళ్లు పెట్టచ్చు కదా?"

"అలవాటు లేదు."

"చేసుకో. పీట కింద చెక్కలు పెట్టి ఎత్తు చెయ్యి. ఒక జాకెట్టుకు ఒకసారి లేచి నడువు. మిషను మానమంటలేను."

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె కంటె ముందు వచ్చిన సలహాలన్నీ ఏదో ఒకటి మానమనేవే.

కొత్త కసరత్తులు వేరే తీరున్నయి. వెల్లకిల పండుకొని, మోకాళ్లు మడిచి, పిర్రలు బిగించి తుంటిని నేల మీదికెల్లి లేపుడు. పక్కకు పండుకొని కాలు పైకెత్తుడు. గోడ పట్టుకొని ఒంటికాలు మీద నిలబడుడు. కొన్ని వారాలు ఇవి కుదిరినంక, కూసోని కుడి మోకాలును కొంచెమే, కాగితం పట్టేంత పైకి లేపి ఆపుడు. తర్వాత తొడ మీద ఇసుకమూట పెట్టి లేపుడు. "హళూ హళూ, మెల్లమెల్లగ," అనేది. నొప్పికి కూడా ఒక కొలత చెప్పింది. చేసేటప్పుడు కొంచెం నొస్తే నొయ్యనియ్యి. తెల్లారేసరికి మామూలైతే భయం లేదు. తెల్లారి కూడా ఉంటే ముందటి రోజు ఎక్కువ చేసినవన్నట్టు, తగ్గించుకో. నాకు అంతకు ముందు నొప్పి అంటే ఉన్నది, లేనిది, రెండే. దానికి ఎక్కువ తక్కువలుంటయని, వాటిని చూసి నడుచుకోవచ్చని ఆమె చెప్తేనే తెలిసింది.

అయితే రెండర్రల ఇంట్ల కసరత్తంటే బహిరంగం పని. మా ఆయనకు కూడా మోకాలు కసరత్తులుండె. పొద్దున ముందటర్రల చాప మీద ఆయన ఒక దిక్కు మోకాలు వంచుతుంటే, నేను ఇంకో దిక్కు తుంటి లేపేది. మా అత్త చాటల బియ్యం తీసుకొని వచ్చి, చూసి, మల్ల లోపలికి పోయింది.

"వానికైతే డాక్టరు చెప్పిండు. నీకెందుకే?" అన్నది లోపలికెల్లి.

"నాకు కూడా ఆమెనే చెప్పింది, అత్తా."

"ఆడది మొగని ముందట గట్ల పైకి లేపుతదా? ఎవరన్నా వస్తే?"

"తలుపు పెట్టిన."

"పట్టపగలు తలుపు పెడితే ఇంకేమనుకుంటరు?"

మా ఆయన నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగిండు. నాకు నవ్వు రాలే. తలుపు తీస్తే సిగ్గు, పెడితే సిగ్గు. వంటింట్ల చాప పరిచే జాగ లేదు. ఆయన కసరత్తుకు పాలు, గుడ్డు. నా కసరత్తుకు ఈ పంచాయితి. ఆ పొద్దు నడుమనే లేచి, బిందె తీసుకపోయి నల్లా దగ్గర ఊకెనే నిలబడ్డ.

మెల్లగ తగ్గుతుందని నమ్మకం కలుగుతున్నప్పుడు చెన్నూరుల చుట్టాల పెండ్లి వచ్చింది. పొద్దంత చాప మీద మఠం వేసుకొని కూసున్న. లేవంగనే పాత గుంజుడు. ఆ పందిట్లనే ఒకామె నా చెయ్యి పట్టుకొని, "ఇంకా కడుపు పండలేదా? గా నొప్పి పోతే అయితది," అన్నది. అంటే నా గజ్జ ముచ్చట చెన్నూరు దాక పోయిందన్నట్టు. బస్సుల కిటికీ దిక్కు తిరిగి కూసున్న.

కసరత్తుబాయికి చెప్తే, "ఇది మెట్లు దిగినట్టు తగ్గదు. తగ్గుతది, వస్తది, మల్ల తగ్గుతది. వచ్చినప్పుడు మొదటికొచ్చిందని బంద్ చెయ్యకు," అన్నది. నాకు ఆ జవాబు నచ్చలే. నాకు పోతదని చెప్పే మనిషి కావాలె. ఆమె ఒక్కసారి కూడా ఆ మాట అనలే.

కొన్ని నెలలు పోయినయి. ఒకనాడు దవాఖానకు పోయేతందుకు బస్సెక్కినం. కండక్టరు తొందర పెడుతుండె. నా ఒక చేతిల సంచి, ఇంకో చేతిల మా ఆయన కర్ర. సీట్ల కూసున్నంక చూసుకుంటే రెండు చేతులూ నిండుగున్నయి. కాలు తనంత తాను ఎక్కింది.

"నా కాలు లేచింది," అన్న మా ఆయనతోని.

"ఏ కాలు?" అన్నడు.

ఆయన మీద కోపం తెచ్చుకోవాల్నో, నవ్వాల్నో తెలియలే. కుడికాలు అని చెప్పిన. ఆయన నా కాలు దిక్కు చూసిండు. ఆ తర్వాత కొంత దూరం పోయినంక, "అయితే మంచిదే," అన్నడు. సురకల నాడు, కోత నాడు ఆయన నోట్లె నుంచి ఆ పాటి మాట కూడా రాలే. నేను దాన్ని దాచుకున్న.

మా ఆయన మోకాలు బాగై మల్ల బాయిల దిగిండు, నడకల కుంటు కొంచెం మిగిలింది. నా నొప్పి కూడా శానా వరకు పోయింది. మెట్లెక్కుత, బిందె దించుత, పక్కకు తిరిగి పండుకుంట. వానకాలంల, పెండ్లిళ్ల సీజన్ల జాకెట్లు ఎక్కువొచ్చినప్పుడు మల్ల మొదలైతది. అప్పుడు మల్ల చాప వేసుకుంట. పిల్లలు కాలే. మా అత్త వచ్చినోళ్లకు చెప్తది, "కోత కోసినంక మా పిల్లకు నొప్పి పోయింది, గర్భం మాత్రం నిలువలే," అని. మొదట్ల నేను అడ్డం పడి కసరత్తు సంగతి చెప్పేదాన్ని. వాళ్లు ఇని, మా అత్త దిక్కు తిరిగి, "ఏ డాక్టరు కోసిండు?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఊకుంటున్న.

కసరత్తుబాయి రెండేండ్లు కూడ ఉండలే. తండ్రికి పాణం బాగలేదని వాళ్ల ఊరికి పోయింది, మల్ల రాలే. ఆమె జాగల ఇంకొకరు వస్తరని చెప్పిండ్రు. నేను పోయి చూసిన. ఆ పొడుగర్రల కడ్డీలు ఒక మూలకు జరిపి, సిమెంటు బస్తాలు పేర్చిండ్రు. కొత్త వార్డు కడుతున్నరట. డాక్టరమ్మను అడిగితే, "పోలియో పిల్లలకే ఎవరూ దొరకడం లేదమ్మా, నీకెక్కడ తేవాలి?" అన్నది. ఆమె మాటల ఎకసెక్కెం లేదు, నిజమే చెప్పింది.

పోయిన ఎండకాలం మా వరుసల చివరింటి కోడలు బట్ట కొలతకు వచ్చి, మిషను దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, నాకు గజ్జల నొస్తది. మా అత్త సంచి జారిందంటది. నీకెట్ల తగ్గింది?"

తలుపు పెట్టి, ఆమెను బల్ల మీద పండబెట్టిన. ఎడమ మోకాలు పట్టుకోమన్న, కుడికాలు వదలమన్న. ఆమె తొడ సాఫీగ కిందికి పోయింది, నాదోలె ఆగలే. మోకాలు ఎత్తి నా చెయ్యిని నూకమన్న. నూకింది, నొప్పి లేదన్నది. మరి ఎప్పుడు నొస్తది అంటే, నడిచినా, పండుకున్నా, ఎప్పుడన్నా అన్నది.

ఇది నా నొప్పి కాదు. అంత వరకే నాకు తెలుసు. ఇది ఏ నొప్పో నాకు తెల్వదు. కసరత్తుబాయి ఉంటే ఇంకేం అడుగునో, ఎక్కడ చెయ్యి పెట్టునో అని ఆలోచన చేసిన. తోచలే. నా కసరత్తులు ఆమెకు చెప్పబుద్ధి కాలే. నన్ను సాగదీసుకొమ్మంటే ఏమైందో నాకు ఎరుకే. సంచి జారిందని మాత్రం ఎవరిచేత పిసికిచ్చుకోకు, సురకలు పెట్టనియ్యకు, పట్నం పెద్ద దవాఖానకు పో, కాలు చూడమని గట్టిగ అడుగు అని చెప్పిన.

"ఎవరు తోలుకపోతరక్కా?" అన్నది.

ఆమె కొలతలు తీసుకున్న. ఆమె పోయినంక మిషను తొక్కబుద్ధి కాలే, ఆ బట్ట మడిచి పక్కకు పెట్టిన.